ఏ వాన?

మా నాన్న తెలెస్ఫోరోకి చెవులు పోయిన ఏడాదే
కొండవాలున ఆ తెపెస్తాతే కాడ లేపింది.
ఇరవై ఆరేళ్ళు రాళ్ళను కరుచుకుని పడున్న అడవి కిత్తలి
ఉన్నట్టుండి పువ్వు గుర్తొచ్చినట్టు
మొవ్వులోంచి నిటారుగా
మనిషెత్తు.

"కోసెయ్" అన్నాడు. కోశాను.
పువ్వుకని దాచుకున్న తీపంతా
వెనక్కి మళ్ళి గడ్డలోకి దిగాలి,
దానికి ఇంకో ఏడాది.
మా వృత్తిలో ఆగడమే సగం పని.
తక్కిన సగం మోయడం.

ఆకులు నరికేస్తే మిగిలింది
అనాసపండుకి పెద్దన్నలా ఒక గడ్డ.
చేలో పెంచిన ఎస్పదీన్ గడ్డలు అరవై దానికి తోడు.
గోతిలో కట్టెలు మండి
రాళ్ళు ఎర్రబడి, తెల్లబడ్డాక
గడ్డలు పేర్చి, తాటి చాపలు కప్పి, పైన మన్ను.
మన్ను మీద అమ్మమ్మ నేర్పిన శిలువ, చిటికెడు ఉప్పు.
నాలుగు రాత్రులు పొగకి కాపలా కాశాం,
ఎక్కడ సన్నగా లేస్తే అక్కడ పిడికెడు బురద.

ఐదోనాడు తవ్వితే
నల్లగా, పాకం కారుతూ, మా సోలా లోయంతా
మాడిన బెల్లం వాసన.
పక్కింటి పిల్లలు పీచు నమిలి ఊసి, నమిలి ఊసి
చేతులు నా గౌనుకే తుడిచారు.

రాతి చక్రం గానుగలా తిరిగింది.
కంచరగాడిద గొలొంద్రీనా
ఎక్కడికీ పోకుండానే
పన్నెండు క్రోసులు నడిచింది.

ఇక చెక్క తొట్టి.
నలిగిన పీచు, నీళ్ళు, గాలి తెచ్చిపడేసిన పులుపు. అంతే.
ఇక్కడే చెవి కావాలి.
ఏటా నాన్న తొట్టికి చెంప ఆనించి
మొదటిరోజు "గడ్డి మీద వాన" అనేవాడు.
మూడోరోజు "రేకుల మీద."
"వెలిసింది, చూరు మాత్రం కారుతోంది" అన్నాడంటే
ఉన్నపళంగా పొయ్యి రాజెయ్యాలి.

ఈసారి నన్ను ఆనించమన్నాడు.
నా పెదాలకేసి చూస్తూ అడిగాడు:
"ఏ వాన?"

నాకు వినపడింది నా నెత్తుటి హోరు.
ఒక ఈగ.
బయట గొలొంద్రీనా తోక విసురు.
నాలుగో రోజే అది. ఆయన కళ్ళు నా నోటి మీద
అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డట్టు నిలబడ్డాయి.
"చూరు" అన్నాను.

మట్టికుండలకి ఎక్కించాం. రెల్లుగొట్టంలోంచి
చుక్క, చుక్క, చుక్క.
రెండోసారి మరిగించి దించాక
నాన్న సొరబుర్రలోకి ఎత్తిపోసి చూశాడు.
ముత్యాలు నిలవాలి, అంచున దండ కట్టి
నువ్వు రెండు ఊపిర్లు తీసేదాకా నిలవాలి.
పుట్టినవి పుట్టినట్టే చచ్చాయి.
ఇరవై ఏడేళ్ళకి
రెండు బిందెలైనా కాలేదు.

ఎప్పటిలాగే తొలి చుక్కలు నేలకి వంచాడు.
తర్వాత ఒక గుక్క, నాలుక మీదే చాలాసేపు పెట్టుకుని.
తిట్టలేదు.
తిడితే బాగుండేది.
"ఎలోదియా, దీంట్లో
ఇంకా వాన పడుతూనే ఉంది" అన్నాడు.

వాహాకా నుంచి వచ్చిన కొనుగోలుదారు
వాసన చూసి, సగం ధర చెప్పి,
మళ్ళీ వాసన చూసి, మొత్తం తీసుకుపోయాడు.
ఒక్క సీసా నేను దాచాను, జొన్నపొత్తు బెండు బిరడాతో.

జూన్‌లో తొలి జల్లు పడ్డ రాత్రి
బిరడా తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను.
ఏమీ లేదు.
అటుపక్క మంచం మీద నాన్న
రేకుల మీద దడదడలాడుతున్న వాన కింద
కళ్ళు తెరిచి, కప్పుకేసి చూస్తూ,
అరచేయి గోడకి ఆనించి
పడుకునున్నాడు.

నేనూ నా పక్క గోడకి ఆనించాను.

పొద్దున్నే గొలొంద్రీనాకి నాడాలు కొట్టించాలి.